అప్రమేయ కెర్నల్ ఎంపిక: లిలో నుండి గ్రబ్ వరకు

లినక్స్ బూట్ మెనూ చరిత్ర, కంప్యూటర్ ముందుగా దేనిని నడపాలో నిర్ణయించే అధికారపు చరిత్ర. 1990ల నాటి లిలో డిస్కుపై కెర్నల్ ఉన్న చోటునే నమోదు చేసుకొనేది. కెర్నల్ మారిన ప్రతిసారీ ఆ నమోదును సవరించకపోతే బూట్ విఫలమయ్యేది. ఎరిక్ బోలిన్ 1995లో ఆరంభించిన గ్రబ్, ఫైల్ వ్యవస్థను స్వయంగా చదివి ఈ బంధనాన్ని తొలగించింది.

అయితే గ్రబ్ 2లో అప్రమేయ విలువ 0 అంటే మెనూలోని మొదటి అంశమే, సాధారణంగా సరికొత్త కెర్నల్. సంఖ్య స్థానాన్ని సూచిస్తుందే గాని కెర్నల్‌ను కాదు. పరీక్షించిన కెర్నల్‌నే నిలుపదలచినవారు దాని గుర్తింపును పేర్కొని మెనూను తిరిగి రూపొందించాలి.

2005లో వెలువడిన తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ ‘స్వేచ్ఛ’ వంటిది మరొకదానితో ఒకే కంప్యూటర్‌లో ఉన్నచోట, అది గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ కళాశాలల్లోనైనా సరే, విద్యార్థికి మొదట తెలుగు కనిపించడం ఈ ఒక్క పంక్తిపైనే ఆధారపడుతుంది.