కువైట్ పొగ నేర్పిన పాఠం



రాయి తిప్పితే బంగారం దొరుకుతుందన్న మాట నమ్మి, మన పూర్వీకులు కోరంగి రేవులో ఓడ ఎక్కి మారిషస్ చేరారని పెద్దలు చెప్పేవారు. ఆ మాటను సరిచూసుకొనే మార్గం వారికి లేదు. మనకున్నది. నేనిప్పుడు పాఠాలు చెబుతున్న కువైట్ సిటీ చరిత్రే ఇందుకు ఉదాహరణ.

1991లో ఇరాక్ సైన్యం వెనుదిరుగుతూ కువైట్‌లో 600కు పైగా చమురు బావులకు నిప్పు పెట్టింది. పట్టపగలే చీకటి కమ్మింది. ఆ పొగ చాలా ఎత్తుకు పోతే దక్షిణాసియాలో పంటలు దెబ్బతినవచ్చునని ప్రసిద్ధ అమెరికా శాస్త్రజ్ఞుడు కార్ల్ సాగన్ జనవరిలోనే హెచ్చరించాడు. అదే జరిగితే మన ఆంధ్ర రైతుల గతి ఏమిటి? మరొక శాస్త్రజ్ఞుడు ఫ్రెడ్ సింగర్ అంత భయం లేదన్నాడు. ఎవరిని నమ్మాలి?

పేరు ప్రతిష్ఠలు చూసి తేల్చలేదు. పరిశోధకులు విమానాలలో ఆ పొగలోకే వెళ్ళి కొలిచారు. గల్ఫ్ మీద ఎండ తగ్గిన మాట నిజమే. కాని పొగ అనుకున్నంత ఎత్తుకు చేరలేదు. ఆసియాకు ముప్పు తప్పింది. నవంబరు 6న చివరి బావిని మూసివేశారు.

సాగన్ తన పొరపాటును దాచలేదు. శాస్త్రీయ ఆలోచనను గురించి వ్రాసిన 'ది డీమన్ హాంటెడ్ వరల్డ్' అనే పుస్తకంలోనే దానిని ఒప్పుకున్నాడు.

"ఎవరన్నారు?" అని కాక, "ఎలా తెలిసింది?" అని అడగడం మన ఇళ్ళలోనూ అలవాటు కావాలి. పెద్దవయసులో సంఘం తరగతిలో అక్షరాలు దిద్దినవాడిని నేను. దిద్దుకోవడంలో సిగ్గు లేదని అక్కడే నేర్చుకున్నాను.