నాగార్జునకొండ శిల్పంలోని మధుపాత్ర: ఆధారాల పరిశీలన

పూర్వపు గుంటూరు జిల్లాలోని, నేటి పల్నాడులోని నాగార్జునకొండ ఇక్ష్వాకుల రాజధాని విజయపురికి నెలవు. అక్కడి రాజప్రాసాద స్థలంలో బయటపడిన ఒక శిల్పంలో, కొద్దిపాటి గడ్డంతో, అర్ధనగ్నంగా ఉన్న పురుషుడొకడు కొమ్ము ఆకారపు పానపాత్ర పట్టుకుని కనిపిస్తాడు. పక్కనున్న పాత్రను మద్యపు పీపాగా వర్ణించినవారున్నారు. మూర్తిని గ్రీకుల మధుదేవత డయోనిసస్‌గా గుర్తించినవారూ ఉన్నారు. దీన్నిబట్టి విజయపురిలో ద్రాక్షాసవం తాగేవారనీ, తయారు చేసేవారనీ చెప్పవచ్చునా?

1. కాలం: ఇక్ష్వాకుల పాలన స్థూలంగా సా.శ. 3వ శతాబ్దం నుంచి 4వ శతాబ్దం తొలినాళ్ల వరకు సాగింది. మద్యం దిగుమతిని ప్రస్తావించే గ్రీకు నౌకాయాన గ్రంథం ‘పెరిప్లస్’ సాధారణంగా 1వ శతాబ్దానిదిగా భావించబడుతోంది. అందులో ఇటలీ, లవొదికియ, అరేబియా మద్యాలు భరూచ్ రేవుకు వచ్చినట్లుంది. కృష్ణా ముఖద్వార ప్రాంతంగా భావించే ‘మసాలియా’ గురించి చెప్పినచోట మాత్రం సన్నని నూలు వస్త్రాల ప్రసక్తే ఉంది, మద్యం లేదు.

2. మార్గం: ఉజ్జయిని నుంచి భరూచ్‌కు సరుకులు వచ్చేవని అదే గ్రంథం చెబుతోంది. నాగార్జునకొండ శాసనంలోని ఇక్ష్వాకు రాణి రుద్రధర భట్టారిక ఉజ్జయిని మహారాజు కుమార్తె. ఆమె శక క్షత్రపుల ఇంటి ఆడపడుచు కావచ్చునన్నది పండితుల ఊహ. ప్రాసాద స్థలంలోనే శక వేషధారియైన సైనికుని శిల్పం ఉండటం ఆ ఊహకు కొంత బలమిస్తుంది. అయితే ఈ దారిన శిల్పరీతి వచ్చి ఉండవచ్చు. మద్యం కూడా వచ్చిందనడానికి ఇది చాలదు.

3. పాత్ర: ఆల్ప్స్ ప్రాంతీయులు మద్యాన్ని కట్లు బిగించిన కొయ్యపాత్రల్లో నిల్వచేసేవారని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. సముద్ర వర్తకంలో ఎక్కువగా వాడినవి ఆంఫొరాలనే మట్టి జాడీలు. కనుక శిల్పంలోని పాత్రను పీపాగా నిశ్చయించడానికి ముందు, అది స్థానిక కుండ అయ్యే అవకాశాన్నీ పరిశీలించాలి.

4. ద్రాక్ష: కౌటిల్యుని అర్థశాస్త్రం ద్రాక్షరసంతో చేసిన పానీయాన్ని ‘మధు’ అంటూ, కాపిశాయనం, హారహూరకం అనే రకాలకు ఆ పేర్లు పుట్టిన చోటునుబట్టి వచ్చాయంటుంది. కాపిశ హిందూకుష్ పర్వత పాదప్రాంతం. గ్రంథ కాలంపై వివాదమున్నా, పేరుపొందిన ద్రాక్షాసవాన్ని వాయవ్య పర్వతసీమతో ముడిపెట్టారన్నది స్పష్టం. తెలుగునాట ప్రసిద్ధమైన తెల్లద్రాక్ష అనాబ్-ఎ-షాహి హైదరాబాదుకు వచ్చింది సుమారు 1890లోనేనని చెబుతారు.

ఈ నాలుగింటినీ కలిపి చూస్తే, మధుపాన దృశ్యం విజయపురి శిల్పులకు పరిచితమన్నది దాదాపు నిశ్చయం. ఆస్థానం విదేశీ మద్యాన్ని రుచి చూసిందన్నది సంభావ్యం మాత్రమే. పల్నాడులో ద్రాక్ష పండించి ఆసవం చేశారన్నది నిరాధారం. తాటి, ఈత కల్లు దొరికే నేలపై కొమ్ముపాత్ర నిండటానికి ద్రాక్షే అవసరం లేదు.

కుండపెంకుల్లో ద్రాక్షకు గుర్తుగా టార్టారిక్ ఆమ్లపు జాడ వెతకడం ఇతర దేశాల్లో అనుసరించిన పద్ధతి. ఇక్కడ ఆ ఒక్క పరీక్షతో తేల్చడం ప్రమాదకరం, ఎందుకంటే చింతపండులోనూ ఆ ఆమ్లం పుష్కలం. కాలనిర్ణయం జరిగిన ద్రాక్షగింజలో, మద్యపు ఆంఫొరా శకలాలో తోడైతేనే ఈ వాదానికి బలం చేకూరుతుంది. విజయపురి ఘనతకు రుజువుకాని ద్రాక్షతోటను జోడించడం కంటే, రుజువైన వర్తక, వివాహ సంబంధాలను శ్రద్ధగా వివరించడమే ఆ నగరానికి న్యాయం చేయడం.