టేకాకు జల్లెడ పురుగు: గుర్తింపు చరిత్ర

టేకు ఆకు మీద బతికే చిన్న రెక్కల పురుగు ఇది. శాస్త్రనామం యూటెక్టోనా మాకిరాలిస్. రెక్కలు పూర్తిగా విప్పినా సుమారు రెండు సెంటీమీటర్లే. పసుపు రెక్కల మీద ఎర్రటి వంకర గీతలుంటాయి. భారతదేశంలో టేకు పెరిగే ప్రాంతాల్లో విరివిగా కనిపిస్తుంది. ఏలూరు జిల్లా మెట్టలో, చింతలపూడి నుంచి సత్తుపల్లి, అశ్వారావుపేట వైపు, రైతులు పొలం గట్ల మీద పెంచే టేకు కూడా దీనికి మేతే.

టేకు కలప శతాబ్దాలుగా ఓడలకూ ఇళ్లకూ వాడుకలో ఉన్నా, దాని ఆకు తినే పురుగులకు శాస్త్రనామాలు ఆలస్యంగా వచ్చాయి. వాటిలో పెద్దదైన హైబ్లియా ప్యూరాకు 1777లో డచ్చి వర్తకుడు పీటర్ క్రామర్ పేరు పెట్టాడు. జల్లెడ పురుగుకు 1859లో బ్రిటిష్ మ్యూజియం జాబితాకర్త ఫ్రాన్సిస్ వాకర్ పేరు పెట్టాడు. వేల జాతులను హడావుడిగా నమోదు చేసిన వాకర్, దీన్ని పోలిన డమాస్టెసాలిస్‌ను కూడా అదే ఏడాది వర్ణించాడు. తర్వాత చాలాకాలం రెంటినీ ఒకటిగా లెక్కవేశారు. ప్రజాతి పేరు కూడా హపాలియా, పైరాస్టా అంటూ మారుతూ వచ్చింది.

అడవిలో దీన్ని గుర్తుపట్టే పద్ధతి డెహ్రాడూన్‌లో స్థిరపడింది. 1906లో ఏర్పడిన అక్కడి అటవీ పరిశోధనా సంస్థలో కీటకశాస్త్రం చేపట్టిన సి.ఎఫ్.సి. బీసన్, చచ్చిన నమూనాలతో సరిపెట్టుకోకుండా గుడ్డు నుంచి ప్యూపా దాకా జీవిత దశలను ఓపికగా పరిశీలించాడు. ఆయన 1941లో వెలువరించిన అటవీ కీటకాల గ్రంథానికి సాటి వచ్చేవి తక్కువ.

ఆ తర్వాతి అర్ధశతాబ్దంలో నివారణ మీద పెట్టిన శ్రద్ధ గుర్తింపు మీద పెట్టలేదు. 1990ల చివర్లో జననాంగాలను సూక్ష్మదర్శినిలో పోల్చి చూశాకే మలేషియా, ఇండోనేషియాల్లో టేకాకు తినేది డమాస్టెసాలిస్ అని తేలింది. 2003లో కెనడాలో పాల్ హీబర్ట్ ప్రతిపాదించిన డీఎన్ఏ బార్‌కోడ్ పద్ధతి ఇలాంటి చిక్కులకు మరో దారి చూపింది.

గట్టు మీది చెట్టు దగ్గర ఇవేవీ అక్కరలేదు, ఆకే చెబుతుంది. తొలకరి తర్వాత లేత ఆకును పెద్ద ఈనెలు మాత్రమే వదిలి తినేస్తే అది హైబ్లియా. వానలు వెనకబట్టాక, ముదురాకులో పచ్చదనమంతా పోయి సన్న ఈనెలతో సహా జల్లెడ మిగిలితే అది ఈ పురుగు.