తూకపు లెక్కకు పేరు పెట్టినవాడు

కళాశాలలో రసాయనశాస్త్రము నారంభించిన విద్యార్థికి మొదట నెదురగు లెక్క యిట్టిది: 40 గ్రాముల కాస్టిక్ సోడాను తటస్థము చేయుటకు హైడ్రోక్లోరికామ్లమెంత వలయును? అతడు సమీకరణము వ్రాసి, అణుభారములు కూడి, త్రైరాశికము వేసి, 36.5 గ్రాములని చెప్పును. శ్రోతలలో పెక్కుమంది యొకప్పుడీ లెక్క చేసినవారే. ఇట్టి లెక్కలకు స్టాయికియోమెట్రీ యని పేరు. ఆ పేరు పెట్టిన జెరెమియాస్ బెంజమిన్ రిక్టర్ నాటికి సమీకరణములు లేవు. డాల్టను పరమాణు సిద్ధాంతమింకను పుట్టలేదు. మరి యతడు దేనినిబట్టి లెక్క కట్టెను?

రిక్టర్ 1762లో సైలీషియాలో జన్మించెను. కాంట్ బోధించుచుండిన కోనిగ్స్‌బర్గ్ విశ్వవిద్యాలయమున చదివి, 1789లో రసాయనమున గణితముయొక్క వినియోగమును గూర్చి పట్టమునకై వ్యాసము వ్రాసెను. 1792లో స్టాయికియోమెట్రీ గ్రంథమును వెలువరింప నారంభించెను. గ్రీకుభాషలో మూలతత్త్వమును, కొలతను తెలుపు రెండు మాటలను కూర్చిన పేరది.

అతడు పట్టుకొనిన ఆధారము చూచుటకు స్వల్పము. రెండు తటస్థ లవణముల ద్రావణములను కలిపినచో, వానిలోని ఆమ్లములును క్షారములును జంటలు మార్చుకొన్నను, మిశ్రమము తటస్థముగనే యుండును. ఆమ్లము మిగులదు, క్షారము మిగులదు. దీని ఫలితమును నేటి అంకెలలో చూతము. 36.5 గ్రాముల హైడ్రోక్లోరికామ్లమునకు 40 గ్రాముల సోడా యైనను, 56 గ్రాముల కాస్టిక్ పొటాష్ యైనను సరిపోవును. ఆ 40 గ్రాముల సోడాకే నత్రికామ్లము 63 గ్రాములు వలయునని తూచి తెలిసికొంటిమనుకొనుడు. ఇక 56 గ్రాముల పొటాష్‌కు నత్రికామ్లమెంత? తూచనక్కరలేదు, ఆ 63 గ్రాములే. చేయని ప్రయోగముయొక్క ఫలితమును కాగితముమీద ముందే చెప్పగలుగుట రసాయనమున ఆనాడు క్రొత్త సంగతి.

కాని రిక్టర్‌కు గణితముపై వ్యామోహము మెండు. క్షారముల తూకములు అంకశ్రేఢిలోను, ఆమ్లములవి గుణశ్రేఢిలోను నుండునని నమ్మి, అంకెలనందులో నిముడ్చుటకు పాటుపడెను. గ్రంథము చదువరులకు కొరుకుడుపడలేదు. అందు వారి తప్పు కొంచెమేయని నా యభిప్రాయము. 1802లో బెర్లిన్ పండితుడు ఫిషర్ ఆ చెదరిన అంకెలను ఒక్క పట్టికగా కూర్చెను: 1000 పాళ్ల గంధకామ్లమునకు సోడా 859, పొటాష్ 1605. నేటి తూకములతో పోల్చినచో తప్పులు లేకపోలేదు. అయినను పట్టిక యొక పుటలో నిమిడినది, చదివినవారికి తెలిసినది.

బెర్లిన్‌లోని రాజకీయ పింగాణీ కర్మాగారమున రసాయనజ్ఞుడుగా నుండి, రిక్టర్ 1807లో మరణించెను. పిమ్మట మరియొక చిక్కు. స్వీడన్‌కు చెందిన బెర్జీలియస్ పొరపాటున ఆ తటస్థతా నియమమును వెంజెల్ అను మరియొక జర్మనునకు కట్టబెట్టెను. అంతటివాడు వ్రాసినదగుటచే తక్కినవారును అట్లే వ్రాసిరి. 1840 ప్రాంతమున సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెస్ ఆ పాత గ్రంథములను తెరచి చూచి, వెంజెల్ పుస్తకమున నట్టి నియమమే లేదనియు, అది రిక్టర్‌దనియు తెలిపెను. అటు తరువాతను కొన్ని పాఠ్యగ్రంథములలో వెంజెల్ పేరే నిలిచియుండెను.