ఎముకల చారు నుంచి బ్లూమ్ అంకె దాకా: జెలటిన్ నాణ్యతను నిర్ణయించిన చరిత్ర

జంతువుల చర్మంలోను, ఎముకల్లోను ఉండే కొలాజెన్ అనే మాంసకృత్తును నీటిలో చాలాసేపు కాచినప్పుడు అది విడివడి కరిగి, చల్లారాక పేరుకుంటుంది. ఆ రసాన్ని వడగట్టి ఆరబెట్టగా వచ్చేదే జెలటిన్. హైదరాబాదు పాయా చల్లారిపోతే గిన్నెలో గడ్డకట్టడానికి కారణం ఇదే. వంటవారికి తరతరాలుగా తెలిసిన ఈ గుణం అంగడి సరుకై, అందులో మేలురకం, నాసిరకం అనే భేదాలు ఏర్పడిన తీరు మాత్రం ఐరోపా, అమెరికాల చరిత్రకు చెందింది. జెలటిన్ ఒంటికి ఎంత బలమిస్తుందన్న ప్రశ్నను, ఎంత గట్టిగా పేరుకుంటుందన్న ప్రశ్నను ఆ చరిత్ర వేర్వేరుగానే చూసింది.

1681లో డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు, ఆవిరి బయటికి పోకుండా మూత బిగించే పాత్రను, అంటే నేటి ప్రెషర్ కుక్కర్‌కు పూర్వరూపాన్ని, వర్ణిస్తూ లండన్‌లో పుస్తకం వెలువరించి, పారవేసే ఎముకల నుంచి కూడా ఆహారం తీయవచ్చునని చూపాడు. విప్లవం, నెపోలియన్ యుద్ధాల కాలంలో పేదలకు తక్కువ ఖర్చుతో తిండి పెట్టే మార్గం వెదికిన ఫ్రాన్స్‌లో ఈ ఆలోచనకు ఆదరణ పెరిగింది. ఎముకలను హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో నానబెట్టి, వాటిలోని సున్నపు లవణాలు కరిగిపోగా మిగిలే మెత్తని భాగాన్ని, అంటే ఒస్సీన్‌ను, కాచి జెలటిన్ తీసే పద్ధతిని జాన్ పియేర్ జోసెఫ్ దార్సే ప్రచారంలోకి తెచ్చాడు. అతని జెలటిన్ చారు పారిస్ ఆసుపత్రుల వంటశాలలకు చేరింది. రోగులకు దాని రుచి నచ్చలేదు, వైద్యులకు దాని బలం మీద నమ్మకం కుదరలేదు. ఆ వివాదాన్ని తేల్చడానికి శాస్త్ర అకాడమీ శరీరధర్మ శాస్త్రవేత్త ఫ్రాంస్వా మజాండీ ఆధ్వర్యంలో ఒక సంఘాన్ని నియమించగా, అది కుక్కలకు జెలటిన్ పెట్టి ఏళ్ల తరబడి పరీక్షించి, జెలటిన్ ఒక్కటే తిన్న జంతువు బతకదని 1841లో నివేదించింది.

ఆ నివేదిక జెలటిన్ పరువు తీసిందని చెప్పుకోవడం పరిపాటి. నిజానికి గుడ్డులోని అల్బుమిన్, రక్తంలోని ఫైబ్రిన్ వంటి ఉత్తమ మాంసకృత్తులను విడిగా పెట్టినా కుక్కలు నిలవలేదని కూడా అందులోనే ఉంది. కాబట్టి దోషం జెలటిన్‌ది మాత్రమే కాదు, ఏదో ఒక్క పదార్థంతో ప్రాణం నిలుస్తుందన్న ఊహది. జెలటిన్‌కు ప్రత్యేకమైన లోపం 1901లో ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని హాప్కిన్స్, కోల్ వేరుచేసిన తరువాతే స్పష్టమైంది. శరీరం తనంతట తయారుచేసుకోలేని ఆ ఆమ్లం జెలటిన్‌లో లేదు. ఎంత ఖరీదైన రకం కొన్నా ఈ కొరత తీరదు.

బజారులో మాత్రం నాణ్యతకు కొలత వేరుగా ఉండేది. దూడకాళ్లను గంటలకొద్దీ కాచి, గుడ్డు తెల్లసొనతో తేర్చి జెల్లీ చేసే శ్రమను తప్పించడానికి పందొమ్మిదో శతాబ్దంలో తయారీ జెలటిన్ వచ్చింది. 1845లో జెలటిన్ తయారీకి అమెరికాలో పేటెంటు పొందిన పీటర్ కూపర్ అప్పటికే న్యూయార్క్‌లో పేరున్న జిగురు వ్యాపారి. ఇది విడ్డూరమేమీ కాదు, ఎందుకంటే వడ్రంగి వాడే జంతు జిగురుకు, వంటకు పనికివచ్చే జెలటిన్‌కు పుట్టుక ఒకటే. ముడిసరుకు శుభ్రత, కాపులో వాడిన వేడి, వడపోత వల్లే తేడా వస్తుంది. మొదటి కాపులో తక్కువ వేడిమీద దిగిన రసం లేత రంగుతో, వాసన లేకుండా, గట్టిగా పేరుకుంటుంది. కాపులు పెరిగేకొద్దీ రంగు ముదిరి, పట్టు తగ్గుతుంది. అందువల్ల కొనుగోలుదారు రంగు చూసి, వేడినీటిలో కరిగించి వాసన చూసి సరుకును ఎంచేవాడు. నాసి జిగురును జెలటిన్ పేరుతో అమ్మే మోసం ఎంత సాగిందంటే, 1906 నాటి ఆహార చట్టం తరువాత అమెరికా అధికారులు అటువంటి సరుకు మీద చర్యలకు దిగవలసి వచ్చింది.

కంటికి, ముక్కుకు వదిలేసిన ఈ తీర్పును అంకెగా మార్చినవాడు ఆస్కార్ బ్లూమ్. 1925లో అతను పేటెంటు పొందిన పరికరంలో, 6.67 శాతం జెలటిన్ ద్రావణాన్ని 10 డిగ్రీల సెల్సియస్ వద్ద పదహారు నుంచి పద్దెనిమిది గంటలు పేరనిచ్చి, దాని పైభాగాన్ని ఒక చిన్న దిమ్మె 4 మిల్లీమీటర్లు నొక్కేవరకు సీసపు గుళ్లు పోసేవారు. పట్టిన గుళ్ల బరువు ఎన్ని గ్రాములో అదే బ్లూమ్ అంకె. తినే జెలటిన్‌లో ఇది సుమారు 50 నుంచి 300 వరకు ఉంటుంది. మిఠాయి, బేకరీ పనివారు వాడే రేకుల జెలటిన్‌కు కంచు, వెండి, బంగారం, ప్లాటినం అని పేర్లు ఉన్నాయి. వాటిలో పట్టు ఎక్కువైన రేకు బరువు తక్కువగా ఉంటుంది కాబట్టి, వంటకంలో రేకుల లెక్క దాదాపు మారదు. పొడి కొనేవారికి ఈ వెసులుబాటు లేదు గనుక, బ్లూమ్ అంకె చూసి గ్రాముల లెక్క సరిచేసుకోవలసిందే. కొలాజెన్ పెప్టైడ్లుగా అమ్ముడయ్యేది జెలటిన్‌ను ఇంకా చిన్న ముక్కలుగా విరిచిన రూపం. అది చల్లటి నీటిలోనూ కరుగుతుంది, కానీ పేరుకోదు, కనుక జెల్లీకి పనికిరాదు.

ముడిసరుకు ఏ జంతువుదన్నది మరో ప్రశ్న. ఆమ్లంతో తయారై ఎక్కువగా పందిచర్మం నుంచి వచ్చేది ‘ఎ’ రకం. సున్నం వంటి క్షారంలో వారాల తరబడి నానబెట్టి ఎక్కువగా పశువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది ‘బి’ రకం. బ్రిటన్‌లో 1986లో గుర్తించిన పిచ్చి ఆవు వ్యాధి తరువాత, ఎముకలు ఏ దేశపు పశువులవో చెప్పడం కూడా వ్యాపార షరతుగా మారింది. భారతదేశంలో జబల్‌పూర్‌లోను, కేరళలోను ఎముకల నుంచి జెలటిన్ తీసే కర్మాగారాలు వెలిశాయి. ఇక్కడి నిబంధనల ప్రకారం జెలటిన్ కలిసిన ఆహారపు పొట్లం మీద మాంసాహార గుర్తు ఉండాలి. ఆకుపచ్చ గుర్తున్న జెల్లీ పొడిలో సముద్రపు నాచు నుంచి తీసిన అగర్ వంటిది ఉంటుంది. తెలుగు వంటిళ్లలో చైనా గ్రాస్‌గా తెలిసిన ఆ అగర్ పిండిపదార్థాల జాతికి చెందింది. అందులో మాంసకృత్తు నామమాత్రం, పేరుకునే గుణానికి మించి ఆహారంగా దాని నుంచి ఆశించదగినది పీచు మాత్రమే.