ఆటస్థలం నుంచి సైన్సు పాఠానికి

ఆటల్లోని భౌతికశాస్త్రం బడి పాఠంగా మారడానికి చాలా కాలం పట్టింది. శాస్త్రజ్ఞులు మాత్రం అంతకు ఎంతో ముందే ఆటస్థలాన్ని గమనించారు. కాంతి, రంగుల గురించి 1672లో న్యూటన్ రాసిన లేఖలో టెన్నిస్ బంతి కనిపిస్తుంది. పట్టకం దాటిన కిరణాలు వంపు తిరుగుతాయేమో అన్న అనుమానం కలిగినప్పుడు, ఏటవాలు రాకెట్‌తో కొట్టిన బంతి వంగి పోవడం ఆయనకు గుర్తొచ్చింది. తిరిగే వస్తువును గాలి పక్కకు నెట్టడాన్ని 1852లో జర్మన్ శాస్త్రవేత్త గుస్తావ్ మాగ్నస్ ప్రయోగాలతో పరిశీలించాడు. ఆ ప్రభావానికి ఆయన పేరే నిలిచింది.

అయితే ఆటనే ప్రయోగశాలగా మార్చిన ఘనత ఎడింబరో ఆచార్యుడు పీటర్ గత్రీ టెయిట్‌ది. ఆయనకు గోల్ఫ్ అంటే ప్రాణం. కొడుకు ఫ్రెడ్డీ 1896, 1898లలో బ్రిటిష్ అమెచ్యూర్ విజేత. బాగా కొట్టిన బంతి అంతసేపు గాల్లో ఎలా నిలుస్తుందన్నది టెయిట్ ప్రశ్న. మెలికల్లేని పొడవాటి టేపు ఒక కొసను బంతికి, రెండో కొసను నేలకు బిగించి, గజం రెండు గజాల దూరంలోని గట్టి బంకమట్టి గోడలోకి ఆ బంతిని కొట్టించాడు. టేపులో పడిన మెలికలను బట్టి బంతి వెనక్కి తిరుగుతూ పోతోందని తేలింది. ఆ భ్రమణమే బంతిని పైకెత్తి దూరం పెంచుతోంది. ఖరీదైన పరికరం ఒక్కటీ లేని ఈ ప్రయోగం ఏడో తరగతి పిల్లలకూ అర్థమవుతుంది. దాని గొప్పదనం అక్కడే ఉంది.

1910లో భౌతికశాస్త్రవేత్త జె.జె. థామ్సన్ లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో గోల్ఫ్ బంతి గమనంపై ఉపన్యసించాడు. పిల్లల కోసం క్రిస్మస్ ఉపన్యాసాలు జరిగే ఆ సంస్థలోనే 1926లో ఎ.వి. హిల్ నాడులు, కండరాల గురించి బాలలకు చెప్పాడు. కండరాలపై పరిశోధనకు నోబెల్ పొందిన హిల్, పరుగువీరుల వేగాన్నీ కొలిచాడు. వాళ్ల నడుముకు అయస్కాంతం కట్టి, దారి వెంట తీగచుట్టలు అమర్చాడు.

భారతదేశంలో 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం బడి చదువును పిల్లల జీవితానుభవంతో ముడిపెట్టాలని కోరింది. ఆ తర్వాత వచ్చిన ఎన్‌సీఈఆర్‌టీ ఎనిమిదో తరగతి సైన్సు పుస్తకంలో బలం పాఠం ఫుట్‌బాల్, హాకీలతో మొదలైంది. ఘర్షణ పాఠంలో క్యారమ్ బోర్డు మీద చల్లే పౌడరు, పట్టు కోసం కబడ్డీ ఆటగాళ్లు చేతులకు రుద్దుకునే మట్టి ఉదాహరణలయ్యాయి. ఒకటి ఘర్షణను తగ్గిస్తుంది, రెండోది పెంచుతుంది.