మతబోధ, పౌరధర్మము: పాఠశాల ముందున్న ఒక పాత ప్రశ్న

తెలుగులో ‘మతము’ అనే మాటకు రెండర్థములున్నవి. ఒకటి దైవవిశ్వాసము, దానిని అనుసరించిన ఆచారము, రెండవది అభిప్రాయము. ‘నా మతములో ఇది సరికాదు’ అని పండితుడన్నప్పుడు ఆయన చెప్పునది రెండవ అర్థము. మొదటిది బాలునికి ఇంటినుండి సంక్రమిస్తుంది. రెండవదానిని అతడు తనకు తానై ఏర్పరచుకొనవలె. మాధ్యమిక పాఠశాలకు వచ్చే వయస్సు ఈ రెంటికీ నడుమనున్న వయస్సు. ఆ వయస్సులో మతమును గూర్చి ఏమి చెప్పవలె, పౌరధర్మమును ఎట్లు నేర్పవలె అన్న విచారణ భారతదేశములో 170 సంవత్సరములకు పైగా సాగుచున్నది.

ఈస్టిండియా కంపెనీ వ్యవహారములపై నియంత్రణ మండలికి అధ్యక్షుడైన చార్లెస్ వుడ్ పేర ప్రసిద్ధమైన 1854 నాటి విద్యాపత్రము, ప్రభుత్వ పాఠశాలలలో చదువు మతప్రసక్తి లేనిదై ఉండవలెనన్నది. అయితే బైబిలు గ్రంథాలయములో ఉండవచ్చును. విద్యార్థి తనంత తాను అడిగినచో, ఉపాధ్యాయుడు బడివేళలు దాటిన పిమ్మట సందేహము తీర్చవచ్చును. వాకిలి మూసి కిటికీ తెరచి ఉంచిన పద్ధతి ఇది. 1857 తిరుగుబాటు తరువాత, ప్రజల మతవిశ్వాసములలో అధికారులు జోక్యము కలిగించుకొనరాదని 1858లో విక్టోరియా రాణి ప్రకటన శాసించినది. ఈ తాటస్థ్యములో పరమత గౌరవముకంటె పాలకుల జాగ్రత్తయే అధికము.

1882లో ఏర్పడిన హంటర్ సంఘము ఈ శూన్యమును నీతిబోధతో నింపదలచినది. అన్ని మతములకు సమ్మతమగు సహజధర్మసూత్రములపై ఒక నీతిగ్రంథము వ్రాయించవలెననీ, కళాశాలలలో ఏటేటా మానవుని యొక్కయు పౌరుని యొక్కయు విధులను గూర్చి ఉపన్యాసములు ఇప్పించవలెననీ సూచించినది. సభ్యులలో ఒకరైన కాశీనాథ్ త్ర్యంబక్ తెలంగ్ దీనితో ఏకీభవించక తమ భిన్నాభిప్రాయమును వ్రాసి ఇచ్చినారు. శాసనసభకు ప్రతినిధిని ఎన్నుకొనే హక్కైనను లేనివానికి పౌరుని విధులు ఉపదేశించుటలోని వైరుధ్యము నేటి పాఠకునికి స్పష్టమే. పౌరశాస్త్రము పిమ్మట ఉన్నత పాఠశాలలలో ప్రవేశించినప్పుడు ఈ వైరుధ్యమును వెంటబెట్టుకొనియే వచ్చినది. ప్రజలలో ప్రభుత్వముపై విధేయత సన్నగిల్లుచున్న వలసపాలన కాలములో ఆ పాఠము పుట్టినదని 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రము గుర్తించినది.

1937లో వార్ధాలో రూపొందిన మౌలికవిద్యా పథకములో గాంధీజీ మతబోధకు చోటివ్వలేదు. నాడు బోధింపబడుచు ఆచరింపబడుచున్న తీరులో మతములు ఐక్యతకంటె కలహమునకే దారితీయుచున్నవని 1938లో ఆయన కారణము చెప్పినారు. అన్ని మతములకు సామాన్యమైన సత్యములను మాత్రము పిల్లలకు నేర్పవలెనన్నారు. తెలుగునాట ఇది అపరిచితమైన మార్గము కాదు. వీథిబడులలో సుమతీ శతకము, వేమన పద్యములు వల్లించిన పిల్లలకు నీతి భాషాపాఠముగానే అబ్బినది. అయితే నీతి నేర్చుట వేరు, పొరుగువాని విశ్వాసమును తెలిసికొనుట వేరు. శతకము మొదటిదానికి చాలును, రెండవదానికి చాలదు.

1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 28వ అధికరణములో ఈ సమస్యకు హద్దులు గీచినది. పూర్తిగా ప్రభుత్వధనముతో నడచే విద్యాసంస్థలో మతబోధ ఉండరాదు. ప్రభుత్వపు గుర్తింపు గాని సహాయము గాని పొందిన సంస్థలో ఎవరినీ వారి సమ్మతి లేక, మైనరులైనచో సంరక్షకుల సమ్మతి లేక, మతబోధకు గాని ప్రార్థనకు గాని రప్పించరాదు. ఇది గొప్ప రక్షణ. కాని ఈ రక్షణ బాలునికిచ్చినది లేచి వెలుపలికి పోయే హక్కు. తోటివారందరు లోపల కూర్చుండగా వరండాలో ఒంటరిగా నిలిచిన బాలుని అంతరాత్మకు భంగము కలుగలేదు, నిజమే. కాని ఆ వేళ అతడు గాని, లోపలివారు గాని పౌరధర్మమును నేర్చుకొన్నారనలేము.

తరువాతి సంఘములు ఈ చిక్కును తమ తమ రీతుల విప్పజూచినవి. రాధాకృష్ణన్ అధ్యక్షత వహించిన 1948–49 విశ్వవిద్యాలయ సంఘము నిత్యము కొంతసేపు మౌనధ్యానమును, మొదటి సంవత్సరము బుద్ధుడు, ఏసు, మహమ్మదు, శంకరుడు, కబీరు, నానకు వంటి మహనీయుల జీవితములను సూచించినది. లక్ష్మణస్వామి మొదలియారు నాయకత్వమున 1952–53లో పనిచేసిన మాధ్యమిక విద్యాసంఘము, ప్రజాస్వామ్య పౌరసత్వమును విద్యకు ముఖ్యాశయముగా నిలిపి, మతబోధను మాత్రము బడివేళలకు వెలుపల, ఆ మతమునకు చెందిన పిల్లలకే, ఐచ్ఛికముగా అనుమతించినది. అనగా పౌరవిద్య అందరిదీ, మతము ఎవరిది వారిదీ అయినవి.

ఈ విభజనను దాటి ఆలోచించినది 1964–66 నాటి కొఠారి సంఘము. ఒక మతమును బోధించుట వేరు, మతములను గూర్చి బోధించుట వేరని అది వివరించినది. మొదటిది ప్రభుత్వపు పని కాదు. రెండవది బహుమతములుగల ప్రజాస్వామ్యమునకు అవసరము. కనుక ముఖ్యమతములను గూర్చి చక్కగా ఎంపిక చేసిన విషయములను పౌరసత్వ పాఠములోనే చేర్చవచ్చునన్నది. ఇట్టి పాఠమునుండి ఎవరును లేచి పోనవసరము లేదు. రంజానును గూర్చి హిందూ బాలిక, ఉపనయనమును గూర్చి క్రైస్తవ బాలుడు ఒకే బల్లపై కూర్చుండి తెలిసికొందురు. నమ్ముమని ఎవరూ ఎవరినీ అడుగరు.

ఈ భావమునకు కఠినమైన పరీక్ష కేరళలో ఎదురైనది. యెహోవా సాక్షుల శాఖకు చెందిన ముగ్గురు పిల్లలు బడిలో జాతీయగీతము పాడునప్పుడు గౌరవముతో నిలబడుచు, తమ విశ్వాసము ఒప్పక నోరు కలుపలేదు. 1985లో వారిని బడినుండి తొలగించినారు. వారు గీతమునకు అగౌరవము చేయలేదని విచారణసంఘము చెప్పినను తొలగింపు ఆగలేదు; హైకోర్టులోను వారికి ఊరట లభించలేదు. 1986లో సుప్రీంకోర్టు వారిని తిరిగి చేర్చుకొనుమని తీర్పునిచ్చినది. తీర్పు వ్రాసినవారు అంతకు పూర్వము ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసిన ఓ. చిన్నపరెడ్డి. మన సంప్రదాయము, తత్త్వము, రాజ్యాంగము మూడును సహనమునే బోధించుచున్నవని ఆయన గుర్తుచేసినారు. ఆ పిల్లలు వెలుపలికి పోలేదు. అందరితోపాటు మౌనముగా నిలబడినారు. సమూహములో ఉండియే భిన్నముగా ఉండగలుగుట పౌరసత్వమని తొమ్మిది తరగతుల పాఠ్యపుస్తకములు చెప్పలేనిది ఆ మౌనము చెప్పినది.

మతములను గూర్చిన అధ్యయనమును 28వ అధికరణము నిషేధింపదని 2002లో సుప్రీంకోర్టు మరల స్పష్టము చేసినది. శాసనము ఇంతవరకు దారి చూపినది. మిగిలినది ఉపాధ్యాయుని పని. తన విశ్వాసమును దాచనక్కరలేదు, దానిని కొలబద్దగా చేయరాదు. ఇతరుల విశ్వాసమును వింతగా గాక, వారు తమకు తాము చెప్పుకొన్నట్లు చెప్పగలుగవలె. అట్టివారిని తయారుచేయు శిక్షణ లేనిచో, సంఘముల సూచనలు నివేదికలలోనే నిలుచును. మతమును గూర్చి బాలుడు నేర్చుకొనవలసినది వీథిలోని వదంతులనుండి నేర్చుకొనును.